మిల్లీవోల్టు నుంచి మోత దాకా

కర్నూలులోనో కడపలోనో పాత రేడియో మెకానిక్ బిగించిన అసెంబుల్డ్ ఆంప్లిఫయర్ మూత తీసి చూడండి. ఒక మూల ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద 12-0-12 అని రాత. పక్కన డయోడ్లు, డబ్బాల్లాంటి రెండు కెపాసిటర్లు. అల్యూమినియం హీట్‌సింక్‌కు స్క్రూలతో బిగించిన 4440 ఐసీ, పద్నాలుగు కాళ్లతో. వీటన్నిటికీ దూరంగా, ముందు పలకను ఆనుకుని, అరచేతిలో సగం కూడా లేని ఇంకో బోర్డు ఉంటుంది. దాని మీద ఎనిమిది కాళ్ల 4558 ఐసీ, మూడు నాబ్‌లు. షాపులో దాన్ని 'బాస్ ట్రెబుల్ బోర్డు' అంటారు. హై-ఫై భాషలో దాని పేరు ప్రీఆంప్లిఫయర్. హీట్‌సింక్ మీదున్నది పవర్ ఆంప్లిఫయర్. రెండూ ఒకే పెట్టెలో కాపురం చేస్తే ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్.

ఇంట్లో పాటలు వినడానికి మంచి సెట్టు కొనుక్కుందామనుకునేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది: ప్రీఆంప్ వేరుగా, పవర్ ఆంప్ వేరుగా కొనాలా, ఇంటిగ్రేటెడ్ ఒక్కటి చాలా? చాలామంది దీన్ని హోదా లెక్కన తేలుస్తారు, రెండు పెట్టెలుంటే పెద్ద సెట్టని. లోపల ఏ భాగం ఏ పని చేస్తోందో ఒక్కొక్కటిగా చూస్తే ఈ ప్రశ్న వేరే రూపంలో కనిపిస్తుంది. ఆంప్లిఫయర్ పనితనమంతా ఒకే ఇబ్బందితో పోరాటం. అతి బలహీనమైన సిగ్నలూ అతి బలమైన కరెంటూ ఒకే ఇంట్లో ఉండాలి, ఒకదాని ఊపిరి ఒకదానికి తగలకూడదు.

ఆ తేడా ఎంతో ముందు లెక్క వేద్దాం. రికార్డ్ ప్లేయర్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే వోల్టేజీ సుమారు 5 మిల్లీవోల్టులు. అది చేరేది 47 కిలో ఓముల రెసిస్టెన్సులోకి. అంటే కరెంటు మైక్రోఆంపియర్‌లో పదో వంతు. చివర 8 ఓముల స్పీకర్‌కు 20 వాట్లు ఇవ్వాలంటే పన్నెండున్నర వోల్టులకు పైగా, ఒకటిన్నర ఆంపియర్‌కు పైగా కావాలి. వోల్టేజీ రెండున్నర వేల రెట్లు పెరిగింది, కరెంటు సుమారు కోటిన్నర రెట్లు. ఈ రెండు కొసల మధ్య దూరం కొన్ని అంగుళాలే.

మొదటి మెట్టు ఫోనో స్టేజి. ఘంటసాల భగవద్గీత ఎల్పీ గానీ, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి బాలాజీ పంచరత్నమాల ఎల్పీలు గానీ ఇంట్లో ఉన్నవాళ్లకు ఇది తప్పనిసరి. రికార్డు చెక్కేటప్పుడే కింది స్వరాలను తగ్గించి, పై స్వరాలను పెంచి చెక్కుతారు. కింది స్వరాలను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి అటూ ఇటూ ఎక్కువగా ఊగి పక్క గాడిని తాకుతుంది. పై స్వరాలను పెంచకపోతే అవి ముల్లు రాపిడి చప్పుడులో కలిసిపోతాయి. వినేటప్పుడు ఫోనో స్టేజి దీన్నంతా తిరగేసి సరిచేయాలి. 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ ప్రమాణం ప్రకారం 1000 హెర్ట్జ్ దగ్గరున్న గెయిన్‌తో, అంటే సిగ్నల్‌ను పెంచే రెట్లతో, పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్స్ ఎక్కువ, 20 వేల హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ తక్కువ. ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 90 రెట్ల తేడా. ఇంత వంపును గీసేది నాలుగైదు రెసిస్టర్లు, కెపాసిటర్లే. మంచి పనివాడు వాటిని డబ్బాలోంచి తీసినవి తీసినట్టు వేయడు. మీటర్‌తో కొలిచి, ఎడమ చానల్‌కూ కుడి చానల్‌కూ జత కలిపి వేస్తాడు.

ఈ వంపులోనే ఒక చిక్కు దాగి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆర్‌ఐఏఏ వంపులో 50 హెర్ట్జ్ దగ్గర గెయిన్, 1000 హెర్ట్జ్ దగ్గరకంటే ఏడు రెట్లు ఎక్కువ. అంటే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రంలోంచి ఏ కాస్త హమ్ (గుయ్‌మనే చప్పుడు) ఫోనో బోర్డు మీద పడినా, బోర్డు దాన్ని పాటకంటే ఆదరంగా పెంచి పంపుతుంది. ప్రీఆంప్‌ను వేరే పెట్టెలో పెట్టడానికి ఉన్న అన్నిటికంటే బలమైన కారణం ఇదే.

రెండో మెట్టు లైన్ స్టేజి: సెలెక్టర్ స్విచ్, వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు. సీడీ ప్లేయర్, టీవీ, ఫోను, ఆకాశవాణి వినే ట్యూనర్ వచ్చి చేరేది ఇక్కడికే. ఇక్కడ ఒక వింత ఉంది. సీడీ ప్లేయర్ 2 వోల్టుల వరకూ ఇస్తుంది. చాలా పవర్ ఆంప్‌లకు పూర్తి వాట్లు రావడానికి 1 వోల్టు చుట్టుపక్కల చాలు. అంటే సిగ్నల్‌ను పెంచే అవసరం ఇక్కడ లేదు, తగ్గించే అవసరమే ఉంది. అలాంటప్పుడు మధ్యలో ప్రీఆంప్ ఎందుకు, వాల్యూమ్ నాబ్ ఒక్కటి పెడితే సరిపోదా?

జవాబు వైరు పొడవులో ఉంది. వాల్యూమ్ నాబ్ వెనకున్న 50 కిలో ఓముల పొటెన్షియోమీటర్, ఒక స్థానంలో పన్నెండున్నర కిలో ఓముల వరకూ అవుట్‌పుట్ రెసిస్టెన్సు చూపిస్తుంది. షీల్డ్ వైరుకు మీటరుకు 100 పికోఫారడ్లు అనుకుందాం. గోడ వెంబడి 10 మీటర్లు లాగితే 1000 పికోఫారడ్లు. ఈ రెండూ కలిస్తే 12,700 హెర్ట్జ్ దగ్గరికే 3 డెసిబెల్స్ పడిపోతాయి. తాళాల అంచు, వేణువు ఊపిరి మసకబారతాయి. పొటెన్షియోమీటర్ తర్వాత చిన్న బఫర్ స్టేజి పెట్టి అవుట్‌పుట్ రెసిస్టెన్సును 100 ఓములకు దించితే అదే వైరులో ఆ పరిమితి పదిహేను లక్షల హెర్ట్జ్ దాటిపోతుంది. వేరు పెట్టెగా ఉండే ప్రీఆంప్ అసలు ఉద్యోగం ఇది: బయటి వైరును తోలగలిగే సత్తువ ఇవ్వడం. ఇంటిగ్రేటెడ్‌లో నాబ్ నుంచి పవర్ బోర్డుకు దూరం జానెడు. ఆ ఉద్యోగమే అక్కడ చాలా తేలికైపోతుంది.

టోన్ కంట్రోళ్లను హై-ఫై ప్రియులు కొందరు చిన్నచూపు చూస్తారు. 1952లో పీటర్ బాక్సాండాల్ వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రచురించిన సర్క్యూట్ చూస్తే ఆ చిన్నచూపు నిలవదు. బాస్, ట్రెబుల్ నాబ్‌లను నెగటివ్ ఫీడ్‌బ్యాక్ దారిలోకి తీసుకెళ్లడం ఆయన చేసిన పని. నాబ్ నట్టనడుమ ఉన్నప్పుడు లోపలికెంత వచ్చిందో బయటికి అంతే వెళుతుంది, ఏ స్వరమూ వంగదు. అటు తిప్పితే పెరుగుతుంది, ఇటు తిప్పితే అంతే సౌష్ఠవంగా తగ్గుతుంది. మన బాస్ ట్రెబుల్ బోర్డుల్లో కనిపించేది కూడా ఎక్కువగా ఈ కుటుంబమే. బేతంచెర్ల బండలు పరిచిన నేల, తెర లేని గోడలు, నున్నటి సిమెంటు కప్పు ఉన్న గదిలో పై స్వరాలు రాయి మీద తగిలి తగిలి చెవిలో గుచ్చుకుంటాయి. అలాంటి గదిలో ట్రెబుల్ నాబ్ రెండు గీతలు వెనక్కి తిప్పగలగడం విలాసమేమీ కాదు.

మూడో మెట్టు పవర్ ఆంప్. ఇక్కడికి వచ్చిన సిగ్నల్ స్పీకర్ దాకా తానే నడిచి వెళుతుందనుకుంటాం, కానీ కాదు. సుంకేసుల నుంచి కడప దాకా పారే కేసీ కాలువ మీద తూము తలుపు ఎత్తేవాడు నీళ్లు మోసుకురాడు. తలుపు ఎంత ఎత్తాలో అంత ఎత్తుతాడు, పారేది వెనక నిలవున్న నీరు. పవర్ ఆంప్‌లో నిలవ నీరు కెపాసిటర్లలో ఉంటుంది, తలుపులు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు. మొదట ఒక జత చిన్న ట్రాన్సిస్టర్లు, వచ్చిన సిగ్నల్‌నూ స్పీకర్ దగ్గర నుంచి వెనక్కి తెచ్చిన నమూనానూ పక్కపక్కన పెట్టి తేడా చూస్తాయి. రెండో అంచెలో ఒకే ట్రాన్సిస్టర్ ఆ తేడాను పూర్తి వోల్టేజీకి పెంచుతుంది. మూడో అంచెలో పెద్ద జత, షాపులో 5200-1943 అని పిలిచే జత లాంటిది, కరెంటును సమకూరుస్తుంది. 5200 తరంగంలో పై సగాన్ని మోస్తుంది, 1943 కింది సగాన్ని మోస్తుంది.

ఆ రెండు సగాలు కలిసే చోటే పనితనమంతా. ఒకటి ఆగి ఇంకొకటి అందుకునే క్షణంలో ఖాళీ వస్తే, మెల్లగా పాడే గొంతు గరుకుగా వినిపిస్తుంది. అందుకని పాట లేనప్పుడు కూడా రెండింటిలోనూ కాస్త కరెంటు పారేలా బయాస్ పెడతారు. ఎంత పారుతోందో చూడడానికి 0.22 ఓముల తెల్లటి రెసిస్టర్ మీద మీటర్ పెట్టి, ప్రీసెట్‌ను స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పుతూ 11 మిల్లీవోల్టుల దగ్గర ఆపితే 50 మిల్లీఆంపియర్లన్నమాట. కానీ ట్రాన్సిస్టర్ వేడెక్కితే దానికి కావలసిన బయాస్ ప్రతి డిగ్రీకీ సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 30 డిగ్రీలు వేడెక్కితే 60 మిల్లీవోల్టులు. మనం పెట్టుకున్న గుర్తేమో 11. పట్టించుకోకపోతే వేడికి కరెంటు పెరిగి, కరెంటుకు వేడి పెరిగి, చివరికి ట్రాన్సిస్టర్ పోతుంది.

దీనికి విరుగుడు చూడముచ్చటగా ఉంటుంది. బయాస్‌ను నిర్ణయించే చిన్న ట్రాన్సిస్టర్‌ను బోర్డు మీద వదిలేయకుండా, తెల్ల పేస్టు రాసి, మైకా ముక్క వేసి, అదే హీట్‌సింక్ మీద రెండు పెద్ద ట్రాన్సిస్టర్ల నడుమ బిగిస్తారు. పెద్దవి వేడెక్కితే అదీ వేడెక్కుతుంది; వేడెక్కిన కొద్దీ తానిచ్చే బయాస్‌ను తగ్గిస్తుంది. థర్మామీటరూ తానే, కుళాయి కట్టేసేదీ తానే. పేస్టు పూత పలచగా, సమంగా ఉందా, స్క్రూ కింద మైకా చిట్లిందా అన్నది చూసి మెకానిక్ చెయ్యి ఎలాంటిదో చెప్పేయవచ్చు.

నాలుగోది కరెంటు సరఫరా. డయోడ్లు కెపాసిటర్లను నింపేది నిరంతరంగా కాదు. సెకనుకు 100 సార్లు, చిన్నచిన్న పిడిగుద్దుల్లా. ఆ పిడిగుద్దు కరెంటు పారే వైరుకూ సిగ్నల్ గ్రౌండ్‌కూ ఒక అంగుళం రాగి ఉమ్మడిగా ఉన్నా హమ్ పుడుతుంది. మంచి సెట్టులో ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు ఒకదానితో ఒకటి పెనవేసి ఉంటాయి. రెండు కెపాసిటర్లను కలిపే పట్టీ మీద నేరుగా కాకుండా, దాని మధ్య నుంచి పక్కకు తీసిన చిన్న కొస మీద గ్రౌండ్లన్నీ వచ్చి ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. ప్రీఆంప్ బోర్డుకు 7815, 7915 రెగ్యులేటర్లు వేరుగా ఉంటే, డోలు దెబ్బకు పెద్ద సరఫరా ఊగినా చిన్న బోర్డుకు ఆ కుదుపు దాదాపు తెలియదు.

ఇప్పుడు భాగాలన్నీ కలిపి చూద్దాం. ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ అంటే చోటు పంచే విద్య. ట్రాన్స్‌ఫార్మర్ ఒక మూల, ఫోనో బోర్డు ఎదురు మూల, మధ్యలో హీట్‌సింక్ గోడలా. మేలైన వాటిలో గుండ్రటి టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్. బిగించే ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి హమ్ ఎక్కడ తక్కువుందో అక్కడ ఆపుతారు. మెకానిక్ షాపుల్లో రోజూ వినిపించే సంభాషణ ఈ విద్య గురించే.

"అన్నా, పాట ఆపినా గుయ్ అని సప్పుడొస్తాంది, సూడు."

"స్క్రీన్ వైరు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పోనిచ్చినారప్పా. ఈ పక్కకు తిప్పితే పోతాది."

ఆ షీల్డ్ వైరు దారి మారితే చప్పుడు పోతుంది. కొత్త భాగమేదీ వేయలేదు, ఖర్చూ లేదు.

రెండు పెట్టెల పద్ధతి పుట్టింది అవసరం కొద్దీ. 1947లో విలియమ్సన్ ప్రకటించిన వాల్వ్ ఆంప్లిఫయర్, 1953 నాటి క్వాడ్ 2 లాంటివి బరువైన, మలమల కాలే ఇనుప సామాను. వాటిని బీరువా అడుగున దాచి, చేతికందే చోట చిన్న కంట్రోల్ యూనిట్ పెట్టుకునేవాళ్లు. ట్రాన్సిస్టర్లు వచ్చాక కూడా 1967లో క్వాడ్ కంపెనీ 33 ప్రీఆంప్‌నూ 303 పవర్ ఆంప్‌నూ విడివిడిగానే చేసింది. 1978లో వచ్చిన ఎన్‌ఏడీ 3020 వేరే దారి చూపింది. వాట్లు 20, పెట్టె ఒకటి. కానీ వెనక పలక మీద ప్రీ అవుట్, మెయిన్ ఇన్ తరహా సాకెట్లు, వాటిని కలుపుతూ యూ ఆకారపు లోహపు కడ్డీలు. కడ్డీలు ఉన్నంతసేపూ అది ఇంటిగ్రేటెడ్. లాగేస్తే ఒకే పెట్టెలో ఒక ప్రీఆంప్, ఒక పవర్ ఆంప్. రూపశిల్పి ఎరిక్ ఎడ్వర్డ్‌సెన్ ఆ రెండు కడ్డీలతో కొనేవాడి ప్రశ్నను కొన్నాళ్లు వాయిదా వేసుకునే వీలు కల్పించాడు.

విడిగా కొంటే లాభాలు నిజమైనవే. ఫోనో బోర్డు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు మూరల దూరంలో ఉంటుంది. పవర్ ఆంప్‌ను స్పీకర్ల పక్కనే పెట్టి, ప్రీఆంప్‌ను కుర్చీ దగ్గర ఉంచుకోవచ్చు. ఒకటి పాడైతే ఒకటే మార్చుకోవచ్చు. కానీ ఇంటిగ్రేటెడ్‌లో ఇంజనీరు చూసుకునే లెక్కలు ఇప్పుడు మన నెత్తిన పడతాయి. పవర్ ఆంప్ ఇన్‌పుట్ రెసిస్టెన్సు ప్రీఆంప్ అవుట్‌పుట్‌కు కనీసం పది రెట్లుండాలి. రెండింటి గెయిన్ కలిసి అతి అయితే, వాల్యూమ్ నాబ్ మొదటి గీత దాటకముందే ఇల్లు అదురుతుంది. పొటెన్షియోమీటర్ మొదట్లో ఎడమ, కుడి సమంగా ఉండవు కాబట్టి పాట ఒక పక్కకు ఒరుగుతుంది. ప్రీఆంప్ స్విచ్ ముందు వేసి పవర్ ఆంప్‌ది తర్వాత వేయాలి, ఆపేటప్పుడు తిరగేసి. లేకపోతే స్పీకర్‌లో ధబ్బుమంటుంది. ఇంటిగ్రేటెడ్‌లో ఆ జాగ్రత్తను, మూడు నాలుగు సెకన్లు ఆగి టిక్కుమనే రిలే చూసుకుంటుంది.

మన సీమలో ఇంకో రెండు సంగతులు కలుస్తాయి. ఒకటి ఎర్తింగ్. రెండు పెట్టెలకు రెండు ప్లగ్గులు, రెండు ఎర్త్ పిన్నులు, మధ్యలో షీల్డ్ వైరు. ఇది ఒక చుట్టు అవుతుంది. ఆ చుట్టులో 50 హెర్ట్జ్ హమ్ తిరుగుతుంది. దాన్ని వదిలించుకోవడానికి కొందరు ఎర్త్ పిన్ను పీకేస్తారు. అది ప్రాణం మీదికి తెచ్చే పని. రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి తీసుకోవడం, షీల్డ్ వైరును పవర్ వైరుతో పాటే దగ్గరగా నడపడం సరైన దారి. వేసవిలో మన ఎండిన నేలలో ఎర్త్ గుంత పట్టు తగ్గుతుంది కాబట్టి ఉప్పు, బొగ్గు వేసిన ఆ గుంతలో నీళ్లు పోయడం మరిచిపోకూడదు. చప్పుడంతా ఎర్తింగ్ వల్లే రాదు: స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద ఏ ట్రాన్స్‌ఫార్మరైనా జుయ్యిమంటుంది. ఆ తప్పు ఆంప్లిఫయర్ మీద వేయకండి.

రెండోది ఎండ. మే నెలలో కర్నూలు, నంద్యాల, కడపల్లో 44, 45 డిగ్రీలు మామూలే. పెట్టె లోపల ఇంకో 20 డిగ్రీలు కలుపుకుంటే కెపాసిటర్లు 65 డిగ్రీల్లో బతకాలి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు వేడి 10 డిగ్రీలు తగ్గితే రెట్టింపు అవుతుందని లెక్క. 85 డిగ్రీలకు 2000 గంటలని రాసున్నది 65 దగ్గర 8000 గంటలు వస్తుంది; రోజుకు నాలుగు గంటలు వింటే ఐదున్నరేళ్లు. 105 డిగ్రీలకు 2000 గంటలని ఉన్నది అదే వేడిలో 32 వేల గంటలు, అంటే దాదాపు 22 ఏళ్లు. ఇంటిగ్రేటెడ్‌లో ప్రీఆంప్ కెపాసిటర్లు కూడా పవర్ స్టేజి వేడిని పంచుకోవాలి కాబట్టి ఈ చిన్న అంకె చూసుకోవడం మరీ ముఖ్యం. గోడ గూట్లో ఇరికించకుండా, పైన బెత్తెడు ఖాళీతో గాలి ఆడే చోట, గోడకు బిగించిన కడప బండ అరమీద పెడితే మంచిది. అదే బండ మీద, ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతలి పక్కన, టర్న్‌టేబుల్ ఉంచితే నడిచే అడుగుల అదురు కూడా దానికి తగలదు.

ఇక ఎంపిక. ఫోను, టీవీ, సీడీలు వింటూ మామూలు గదిలో మామూలు మోత చాలనుకునేవాళ్లకు రెండు పెట్టెల వల్ల కలిసొచ్చేది తక్కువ. ఆ డబ్బు స్పీకర్ల మీద పెడితే చెవికి తేడా తెలుస్తుంది. ఎల్పీలు విరివిగా వినేవాళ్లకు కూడా ముందు మంచి ఇంటిగ్రేటెడ్ తెచ్చి, ఫోనో స్టేజి ఒక్కదాన్నే చిన్న పెట్టెలో విడిగా పెట్టుకుంటే చాలు. విడదీయాల్సింది ఆ 5 మిల్లీవోల్టులనే కదా. స్పీకర్లు గదికి అవతలి కొసన ఉన్నా, హాలంత గదికి పెద్ద వాట్లు కావాలన్నా అప్పుడు పవర్ ఆంప్ వేరుపడడం న్యాయం.

కొనే చోట ఒక పరీక్ష చేయండి. ఫోనో ఇన్‌పుట్ ఎంచుకుని, రికార్డు మీద ముల్లు పెట్టకుండా, వాల్యూమ్ తగ్గించి మొదలుపెట్టి మెల్లగా రోజూ వినేదానికంటే ఎక్కువకు పెంచి, స్పీకర్‌కు మూరెడు దూరంలో నిలబడండి. సన్నటి ఇసుక చప్పుడు ఉంటే ఉండనివ్వండి, అది ప్రకృతి. గుయ్‌మనే చప్పుడు ఉంటే లోపల ఎవరో వైరు దారి చూసుకోలేదు. తర్వాత వెనక్కి తిప్పి, ప్రీ అవుట్, మెయిన్ ఇన్ సాకెట్లు ఉన్నాయేమో వెతకండి. అవి ఉన్న ఇంటిగ్రేటెడ్ దొరికితే తీసుకోండి. రేపు ఎప్పుడైనా పెద్ద పవర్ ఆంప్ కావాలనిపిస్తే, ఈ పెట్టే ప్రీఆంప్ అయి కూర్చుంటుంది.